కుమాసీ వెళ్తున్నాం, ట్వి మాట్లాడటం ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీవారికి ఘానాలోని కుమాసీలో ఉద్యోగం వచ్చింది. మూడు నెలల్లో ఆరేళ్ల బాబుతో సహా బయలుదేరుతున్నారు. అక్కడ అధికార భాష ఇంగ్లీషే కదా, జనం మాట్లాడే ట్వి భాష నేర్చుకోవడం నిజంగా అవసరమా? అవసరమైతే వ్యాకరణం పుస్తకంతో మొదలుపెట్టాలా, ఫోను యాప్‌తోనా? శాకాహారులం కాబట్టి బజారులో, హోటల్లో ఇబ్బంది పడకుండా ఉండటానికి ఎంత భాష వస్తే చాలు?

నేను కుమాసీలో మందుల టోకు వ్యాపారంలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఊరూరా చిన్న మందుల దుకాణాలకు సరుకు వేసే పని. కొత్తగా వచ్చిన మన కుటుంబాలకు మొదటి మాటలు నేర్పే పని కూడా ఎలాగో నాకే వచ్చి పడుతుంది, అది నాకు ఇష్టం కూడా. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ట్వి అవసరమే. మొదలుపెట్టాల్సింది అక్షరాలతోనో క్రియల పట్టికలతోనో కాదు, పలకరింపులతో. పలకరింపు, దానికి జవాబు, ఆ తరువాత బజారు మాటలు. వీటిని విడి మాటలుగా కాకుండా పూర్తి వాక్యాలుగా, చూసి కాకుండా విని నేర్చుకోండి. ఇంకొకటి: ట్వి వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చి, అక్కడి నుంచి తెలుగులోకి తెచ్చుకోకండి. నేరుగా తెలుగు పక్కన పెట్టి చూడండి. చాలా చోట్ల ఇంగ్లీషు కంటే తెలుగే ఆ భాషకు దగ్గరగా ఉంటుంది. ఈ సంగతి ఏ పుస్తకమూ మనకు చెప్పదు, ఎందుకంటే ఆ పుస్తకాలన్నీ ఇంగ్లీషు వాళ్ల కోసం రాసినవి.

బ్యాంకులో, ఆఫీసులో, బడిలో, పెద్ద దుకాణాల్లో ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది, నిజమే. కానీ కూరగాయలు అమ్మే ఆమె, ట్రోట్రోలో, అంటే అక్కడి చిన్న బస్సులో, డబ్బులు వసూలు చేసే అబ్బాయి, గేటు దగ్గర కాపలాదారు, కుళాయి బాగుచేసే మనిషి, పక్కింటి ముసలమ్మ, వీళ్లందరితో మీ రోజు గడవాలి. ఘానా జనాభాలో సగానికి దగ్గరగా అకాన్ ప్రజలు. ట్వి వారి భాష. మాతృభాష వేరే అయినవాళ్లలో కూడా చాలామంది బజారులో ట్వినే వాడతారు. గా అనే వేరే భాషకు పుట్టిల్లయిన దేశ రాజధాని అక్రాలోనూ వీధి మాట ఎక్కువగా ట్వినే. ఉత్తరాన తమాలే వైపో, తూర్పున ఎవె భాష మాట్లాడే వోల్టా వైపో వెళ్తే లెక్క మారుతుంది. మీరు వెళ్లేది అకాన్ ప్రజల్లో ఒక వర్గమైన అసాంతెవాళ్ల రాజధాని కుమాసీకి కాబట్టి ఆ సందేహం అక్కర్లేదు.

ముందు ఏ ట్వినో తేల్చుకోండి. అకాన్ అన్నది ఆ ప్రజల భాషకూ పేరే, దానిలో మూడు ప్రధాన రూపాలు ఉన్నాయి: కుమాసీ చుట్టుపక్కల అసాంతె, అక్రాకు ఉత్తరాన కొండల మీద అక్వాపెం, సముద్రతీరంలో కేప్ కోస్ట్ వైపు ఫాంతె. మొదటి రెండింటినీ ట్వి అంటారు, అవి మాట్లాడేవాళ్లు ఒకరినొకరు తేలికగా అర్థం చేసుకుంటారు. చిక్కు ఎక్కడంటే, బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మత ప్రచార సంస్థకు చెందిన క్రిస్టాలర్ 19వ శతాబ్దంలో బైబిలునూ నిఘంటువునూ అక్వాపెం రూపంలో సిద్ధం చేశారు. బైబిలు 1871లో, నిఘంటువు 1881లో వచ్చాయి. అందువల్ల పాత అచ్చు పుస్తకాల్లో కనిపించే రూపం ఒకటి, కుమాసీ వీధిలో వినిపించేది ఇంకొకటి. నీళ్లను పుస్తకం 'న్సు' అంటే కుమాసీలో 'న్సువొ' అంటారు. మీరు అసాంతె పాఠాలే ఎంచుకోండి, మూడింటినీ కలిపి చదవకండి.

ఇక ఉచ్చారణ. ట్వి అని మనం రాసే పేరును అక్కడివాళ్లు పెదవులు గుండ్రంగా చుట్టి 'చ్వి'కి దగ్గరగా పలుకుతారు. భాషను రోమన్ లిపిలోనే రాస్తారు కానీ ఇంగ్లీషులా చదివితే ఏదీ కలవదు. కె పక్కన వై వస్తే చ, జి పక్కన వై వస్తే జ, హెచ్ పక్కన వై వస్తే శ. టి పక్కన డబ్ల్యు వస్తే చ్వ, డి పక్కన డబ్ల్యు వస్తే జ్వ. ఈ ఐదూ తెలిస్తే దుకాణాల బోర్డులు, మనుషుల పేర్లు సగం దారికి వస్తాయి.

వాళ్ల 22 అక్షరాల్లో ఇంగ్లీషులో లేనివి రెండున్నాయి. ఒకటి 3 అంకెను ఎడమకు తిప్పి రాసినట్టు ఉంటుంది, అది నోరు బాగా తెరిచి పలికే ఎ. రెండోది ఇంగ్లీషు సి అక్షరాన్ని తిప్పి రాసినట్టు ఉంటుంది, అది తెరిచి పలికే ఒ. ఇవి మనకు కొత్త కాదు. 'తేలు', 'తేడా' అని వెంటవెంటనే పలికి చూడండి, రెండోదానిలో నోరు ఎక్కువ తెరుచుకుంటుంది. 'కోటి', 'కోట' కూడా అంతే. తెలుగులో ఆ తేడా వల్ల అర్థం మారదు కాబట్టి మనం పట్టించుకోము. ట్విలో మారుతుంది. 'మెబా' అన్న మాటలో మె మామూలుగా ఉంటే 'వస్తుంటాను', అదే మె తెరిచి పలికితే 'రాబోతున్నాను'. తెలుగు లిపిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకని నోటుబుక్కులో తెలుగులో రాసుకునేవాళ్లకు నేను చెప్పేది, తెరిచి పలికే అచ్చు కింద ఒక గీత గీసుకోమని. ఈ జవాబులో నేను తెలుగులో రాస్తున్న ట్వి మాటలన్నీ ఊతం కోసమే. అసలు రూపం ఎవరి నోటనైనా వినాల్సిందే. నేను 'మె', 'వొ' అని రాసిన చోట మీ చెవికి 'మి', 'వు' అన్నట్టు వినిపిస్తే అది మీ చెవి తప్పు కాదు, ఆ అచ్చులు అంత బిగువుగా ఉంటాయి.

స్వరం సంగతి దాటవేయడానికి వీల్లేదు. ట్విలో ప్రతి అక్షరానికీ ఎత్తు ఉంటుంది, పై స్థాయి లేదా కింది స్థాయి. 'పప' అన్న మాటనే తీసుకోండి. రెండక్షరాలూ ఎత్తులో పలికితే 'మంచి'. మొదటిది దించి రెండోది ఎత్తితే 'నాన్న'. రెండూ దించితే 'విసనకర్ర'. ఇది విని చాలామంది భయపడిపోతారు. భయం అక్కర్లేదు, ఎండలో కూర్చుని విసనకర్ర అడిగితే ఎవరూ మీ నాన్నను పిలుచుకురారు. అలాగని స్వరాన్ని తరువాత చూసుకుందామని వదిలేస్తే ఆ తరువాత ఎప్పటికీ రాదు. పద్యం రాగంతో పాటే నోటికి వచ్చినట్టు, ట్వి వాక్యాన్ని దాని ఎత్తుపల్లాలతో పాటే పట్టాలి. అందుకే విడి మాటలు వద్దు, వాక్యాలే కావాలి అంటున్నాను. మనకు ప్రశ్న చివర గొంతు పైకి లేపే అలవాటు ఉంది, ట్వి మాట్లాడేటప్పుడు దాన్ని మానుకోండి. ప్రశ్నకు వాళ్లకు వేరే ఏర్పాటు ఉంది, ముందుకు వెళ్లాక చెబుతాను.

ఇప్పుడు పలకరింపులు. వీటి మీద మొదటి నెలంతా పెట్టినా నష్టం లేదు. అసాంతెవాళ్లలో పలకరించకుండా విషయంలోకి దిగడం మర్యాద కాదు. దారి అడగాలన్నా, ధర అడగాలన్నా, ఆఫీసులో కాగితం చేతికివ్వాలన్నా ముందు పలకరింపు. బయటి నుంచి వచ్చినవారే ముందు పలకరించాలి. ఇంగ్లీషు ఎంత బాగా వచ్చినా ఇది తెలియనివాళ్లు 'ఇక్కడివాళ్లు ముభావంగా ఉంటారు' అని నాతో అంటుంటారు. నిజానికి ఎదుటివాళ్లు వీరి పలకరింపు కోసం ఎదురుచూస్తూ ఉంటారు.

ఉదయం 'మాచె', మధ్యాహ్నం 'మాహ', సాయంత్రం 'మాజ్వొ'. ఇవి సులువు. జవాబు దగ్గరే అసలు సంగతి ఉంది, ఎందుకంటే అది పలకరించిన మనిషిని బట్టి మారుతుంది. తల్లి వయసు ఆమె పలకరిస్తే 'యా ఎనా', తండ్రి వయసు ఆయనకు 'యా అజా', మీ ఈడువారికి 'యా అనువా', చిన్నవాళ్లకు 'యా ఒబా'. అమ్మా, అయ్యా, తమ్ముడూ, బిడ్డా అని కలిపి పలకడమే ఇది. వరస కలపకుండా మాట్లాడలేని మనకు దీన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ తరువాత 'వొ హొ తె సెన్?', అంటే ఎలా ఉన్నారు. 'మె హొ యె, నా వొ న్సొ ఎ?', బాగున్నాను, మరి మీరు? ఇక్కడ ఆగిపోకండి. తెలిసినవాళ్లయితే ఇంట్లోవాళ్ల గురించి, పిల్లల గురించి అడుగుతారు, మీరూ అడగాలి. పని చేసుకుంటున్నవారి పక్కనుంచి వెళ్తుంటే 'అయెకూ' అనండి. చేస్తున్న కష్టాన్ని గుర్తించి మెచ్చుకునే మాట అది. ఎవరైనా తడబడి కాలు జారితే 'కొసె' అంటారు. చావు ఇంటికి వెళ్తే 'దువే'. కుమాసీలో శనివారాలు ఎరుపు, నలుపు బట్టల్లో జనం అంత్యక్రియలకు వెళ్లడం మీరు తప్పక చూస్తారు. మీ ఆఫీసులో ఎవరి ఇంట్లోనైనా మరణం జరిగితే వెళ్లి ఆ ఒక్క మాట అనండి, అది వాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

సెలవు తీసుకునేటప్పుడు 'మెకొ అబా' అంటారు. వెళ్లొస్తాను అని. అచ్చం మన మాటే.

చేతి సంగతి మీకు చెప్పాల్సిన పనిలేదు, ఎడమ చేత్తో ఇవ్వడం, పుచ్చుకోవడం, చూపించడం అక్కడా కూడదు. నలుగురు వరుసగా కూర్చుని ఉంటే కుడివైపు చివర నుంచి మొదలుపెట్టి ఎడమకు వెళ్తూ కరచాలనం చేయాలి.

ఒక్క చోట మాత్రం మన అలవాటు అడ్డం వస్తుంది. ట్విలో 'మీరు' లేదు. ఎవరినైనా 'వొ' అనే అంటారు, గొప్ప పెద్దమనిషినైనా సరే. 'మొ' అనే బహువచనం ఉంది కానీ అది నిజంగా పదిమంది ఉన్నప్పుడే. దాన్ని ఒక్కరికి వాడితే గౌరవం అనుకోరు, ఇంకెవరు ఉన్నారా అని వెనక్కి చూస్తారు. మరి గౌరవం ఎక్కడ ఉంటుందంటే 'మెపా వొ చెవ్' అన్న మాటలో. దయచేసి అని దాని వాడుక. పెద్దవాళ్లను ఏది అడిగినా, వాళ్లకు ఏం జవాబు చెప్పినా ఇది ముందు చేర్చాలి. 'అవును' అనడానికి కూడా పెద్దవాళ్లతో 'మెపా వొ చెవ్, ఆనె' అంటారు. 'కాదు' అయితే 'మెపా వొ చెవ్, దాబి'. దీనితో పాటు వరస పేర్లు ఉన్నాయి: ఆడవాళ్లకు 'మామె', పెద్దాయనకు 'పాపా', ముసలివాళ్లకు 'నానా'. కాస్త చనువు ఏర్పడ్డ మగవారిని 'వొఫా' అనవచ్చు, అంటే మేనమామ. అకాన్ ప్రజల్లో వంశం తల్లి వైపు నుంచి లెక్క. ఆస్తి కూడా సంప్రదాయంగా మేనమామ నుంచి మేనల్లుడికి వచ్చేది. కాబట్టి ఆ పిలుపుకు బరువు ఎక్కువ. అతడు, ఆమె అన్న తేడా కూడా లేదు, ఇద్దరికీ ఒకటే 'ఒ'.

ఇక తెలుగు సాయపడే చోట్లు చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం.

మనం 'గదిలో', 'బల్ల మీద' అంటాం, లో, మీద చివర వస్తాయి. ట్విలోనూ అంతే: 'దాన్ నొ ము' అంటే ఆ గదిలో, 'పొనొ నొ సొ' అంటే ఆ బల్ల మీద. మనం 'తీసుకురా' అని రెండు క్రియలు కలుపుతాం. వాళ్లూ 'ఫా బ్రా' అంటారు, తీసుకో, రా. 'ఫా న్సువొ బ్రె మె' అంటే నాకు నీళ్లు తెచ్చిపెట్టు. మనకు ఆకలి వేస్తుంది, మనం ఆకలిగా ఉండము. వాళ్లకు 'ఎకొం దె మె', ఆకలి నన్ను పట్టింది. మనం 'వస్తావా' అని చివర ఆ చేర్చి ప్రశ్న చేస్తాం. వాళ్లు వాక్యం చివర 'అనా' చేరుస్తారు: 'వొబెబా అనా?', వస్తావా? ఎక్కడ, ఏమిటి అన్న మాటలను ఇంగ్లీషులో లాగా వాక్యం ముందుకు ఈడ్చుకురావాల్సిన పని కూడా లేదు. 'వొకొ హె?' అంటే నువ్వు వెళ్తున్నది ఎక్కడికి.

అన్నిటికంటే ముఖ్యం 'లేదు, వద్దు' చెప్పే పద్ధతి. మనం 'వెళ్తాను', 'వెళ్లను' అని క్రియలోనే కాదనడం చేరుస్తాం. ట్విలోనూ క్రియలోనే ఉంటుంది, కాకపోతే ముందు ఒక ముక్కు ధ్వని చేరుతుంది. 'మెకొ' వెళ్తాను, 'మెన్‌కొ' వెళ్లను. 'మెపె' నాకు కావాలి, 'మెంపె' నాకు వద్దు. మా గోదాములో చేరిన మన కుర్రాడొకడు క్రియ పక్కన చేర్చే 'నాట్' లాంటి విడి మాట కోసం వారాల తరబడి వెతికాడు, ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఇక్కడా ఉండాలని. 'వెళ్తాను, వెళ్లను' పక్కన పెట్టి చూపిస్తే ఆ సాయంత్రానికే పట్టేశాడు. ఆ ముక్కు ధ్వనిని మింగేయకండి, నిండుగా ఒక అక్షరంలా పలకండి. మింగితే మీరు వద్దన్నది కావాలన్నట్టు వినిపిస్తుంది.

తేడా ఉన్నది మాటల వరుసలో. క్రియ చివర రాదు, మధ్యలో వస్తుంది. 'మెపె న్సువొ' అంటే 'నాకు కావాలి నీళ్లు'. ఇంగ్లీషు చదివినవాళ్లం కాబట్టి దీనికి అలవాటు పడటానికి ఎంతో కాలం పట్టదు.

బజారు. కుమాసీ నడిబొడ్డున కెజేటియా ఉంది. పశ్చిమాఫ్రికాలోని అతి పెద్ద బజార్లలో ఒకటి. మొదటి వారమే అక్కడికి వెళ్లి ట్వి ప్రయోగించకండి. ఆ రద్దీలో ఎవరికీ మీ మాట కోసం ఆగే తీరిక ఉండదు. మీ వీధి చివర బల్ల వేసుకుని టమాటాలు పోగులు పెట్టి అమ్మే ఆమె ఒకరు ఉంటారు. ఆమె దగ్గరికే రోజూ వెళ్లండి, తక్కువ కొనండి, మళ్లీ మళ్లీ వెళ్లండి. మీ గురువు ఆమే.

మాట ఇలా నడుస్తుంది. 'మామె, మాచె.' ఆమె 'యా' అని జవాబిచ్చి, మీ యోగక్షేమం అడుగుతుంది. మీరూ అడుగుతారు. అప్పుడు పోగు చూపించి 'ఎయె సెన్?', ఎంత? 'సిడి దు', పది సిడీలు (సిడి అక్కడి డబ్బు). 'నె బొ యె దెన్', ధర ఎక్కువగా ఉంది. 'మెపా వొ చెవ్, తె సొ కక్ర', కాస్త తగ్గించండి. ఆమె తగ్గించవచ్చు, తగ్గించకపోవచ్చు. డబ్బులు ఇచ్చాక 'తొ సొ' అనండి. ఇది కొసరు అడగడం, ఒకటో రెండో టమాటాలు సంచీలో పడతాయి. చూడండి, 'తె సొ' అంటే తగ్గించు, 'తొ సొ' అంటే ఇంకొంచెం వేయి. ఒక్క అచ్చులోనే తేడా. తూకం కంటే పోగులు, డబ్బాలు ఎక్కువ. బియ్యం, చిక్కుడు గింజలు 'ఒలొంకా' అనే డబ్బాతో కొలిచి పోస్తారు. మానికలు, సోలలు చూసిన ఇంటివారికి అది కొత్తగా ఉండదు. చివర 'మెదాసె', కృతజ్ఞతలు.

అంకెలు పది వస్తే చాలు: బాకొ, మియెను, మియెన్సా, నాన్, నుమ్, న్సియా, న్సొన్, న్వొచ్వె, న్‌క్రొన్, దు. ఇరవై 'అదువొను', ముప్పై 'అదువసా', యాభై 'అదువొనుమ్', వంద 'ఒహా', వెయ్యి 'అపెం'. ఘానా 2007లో డబ్బు విలువ మార్చింది, పాత పదివేల సిడీలు కొత్త ఒక సిడీ అయ్యాయి. ఆ తరువాత చాలాకాలం పాటు పెద్దవాళ్లు పాత లెక్కలోనే ధర చెప్పేవారు. అందుకని ఎవరైనా ఉల్లిపాయలకు వేలల్లో ధర చెబితే కంగారు పడకుండా మళ్లీ అడగండి.

కూరగాయల పేర్లు: టమాటా 'న్‌తోస్', ఉల్లి 'జీనె', బెండ 'న్‌క్రుమా', వంకాయ 'న్యాదెవా', మిరప 'మకొ', కర్రపెండలం 'బంచె', కూర అరటి 'బ్రొదె', వేరుశనగ 'న్‌కాతె', అన్నమైనా బియ్యమైనా 'ఎమొ'. 'కొంతొమిరె' పేరుతో కట్టలు కట్టి అమ్మేది చేమాకులాంటి ఆకే, ఇంటికి తెచ్చుకుని పప్పులో వేసుకోండి.

శాకాహారం గురించి జాగ్రత్తగా చదవండి. 'మెన్వె నమ్' అంటే మాంసం తినను. 'నమ్' అన్న మాటలో చేప కూడా వస్తుంది కానీ, వండేవాళ్లు అలా అనుకోకపోవచ్చు. ముక్క తీసేసి పులుసు పోసి ఇచ్చేవాళ్లు ఉంటారు, మంచి మనసుతోనే. అందుకని రెండో ప్రశ్న కూడా అడగాలి: 'నమ్ వొ ము అనా?', ఇందులో మాంసం ఉందా? ఆ తరువాత చేప 'అపతా', గుడ్డు 'కొసువా' విడివిడిగా అడగండి. 'మొమొని' అనే ఊరబెట్టిన ఉప్పుచేపను రుచి కోసం కూరల్లో వేస్తారు, ముక్క కనిపించదు. నల్లటి మిరప పచ్చడి 'షితొ' చూడటానికి మన పచ్చడిలాగే ఉంటుంది, దానిలో ఎండు చేప, రొయ్యల పొడి ఉంటాయి. బయట తినాలంటే నిప్పుల మీద కాల్చిన అరటికాయ, వేరుశనగపప్పు జత మంచిది. దాన్ని అక్కడివాళ్లు ముద్దుగా 'కోఫీ బ్రోక్‌మన్' అంటారు. అల్లం, మిరప పట్టించి వేయించిన అరటి ముక్కలు 'కెలెవెలె' కూడా మీకు నచ్చుతుంది. అలసంద కూరతో వేయించిన అరటిపండు ఇచ్చే 'రెడ్‌రెడ్' బాగుంటుంది కానీ చేప వేశారా అని అడిగి తీరాలి.

ట్రోట్రో ఎక్కితే డబ్బులు తీసుకునే అబ్బాయిని 'మేట్' అంటారు. 'మేట్, మెసి వొ హా' అంటే ఇక్కడ దిగుతాను. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

నా వృత్తికి సంబంధించి రెండు మాటలు. తల నొప్పి 'మె తి యె మె యా', కడుపు నొప్పి 'మె యఫును యె మె యా', జ్వరం 'అతిరిదీ'. మలేరియాకు కూడా ఆ చివరి మాటే వాడతారు. ఫార్మసిస్టుకు ఇంగ్లీషు వస్తుంది, కానీ రాత్రి వేళ వీధి దుకాణంలో ఉండేది వేరే వాళ్లు కావచ్చు. పిల్లవాడు ఉన్న ఇంట్లో ఇవి నోటికి వచ్చి ఉండాలి. జ్వరం వస్తే మందు కొనేముందు రక్తపరీక్ష చేయించండి.

ఎలా నేర్చుకోవాలి అన్నదానికి నా సలహా ఇది. వెళ్లేలోపు రోజూ అరగంట, అసాంతె మాట్లాడే ఒక మనిషితో ఫోనులో. డబ్బులిచ్చి పెట్టుకున్నా తప్పులేదు, కుమాసీలోని క్వామె న్‌క్రుమా విశ్వవిద్యాలయం విద్యార్థుల్లో ఇలాంటి పని చేసేవాళ్లు దొరుకుతారు. ఒక్కో పలకరింపు జంటను వాళ్ల గొంతులో రికార్డు చేయించుకుని, వంట చేస్తూ వినండి, వెంటనే గొంతు కలపండి. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ 1963లో తయారుచేసిన పాఠాలు ఆడియోతో సహా నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. పాతవే అయినా ఒకే వాక్యాన్ని పదిరకాలుగా మార్చి పలికించే పద్ధతి వాటిలో ఉంది, అది పనికొస్తుంది. గూగుల్ అనువాదంలో 2022 నుంచి ట్వి ఉంది. బోర్డు మీద ఉన్నది ఏమిటో తెలుసుకోవడానికి వాడండి, దాని వాక్యాన్ని మాత్రం కంఠస్థం చేయకండి. రేడియోలో ట్వి వార్తలు చదివే తీరు సామెతలతో, అలంకారాలతో నిండి ఉంటుంది. వినసొంపుగా ఉంటుంది కానీ మొదటి ఏడాది మీకు పాఠం కాదు.

నాలుగు వాక్యాలు మాత్రం మొదటి రోజు నుంచీ జేబులో ఉండాలి. 'మెతె చ్వి కక్ర కక్ర', నాకు ట్వి కొద్ది కొద్దిగా అర్థమవుతుంది. 'మెంతె ఆసె', అర్థం కాలేదు. 'కస బ్రెయో', నెమ్మదిగా మాట్లాడండి. 'యెఫ్రె వెయి సెన్?', దీన్ని ఏమంటారు? చివరిది అన్నిటికంటే విలువైనది, వేలు చూపించి అడుగుతూ పోతే బజారంతా పాఠశాల అవుతుంది.

మీరు ట్విలో మాట్లాడగానే చుట్టూ ఉన్నవాళ్లు గట్టిగా నవ్వుతారు. అది సంతోషం, ఎగతాళి కాదు. కొందరు ఇంగ్లీషులో జవాబిస్తారు. మీరు ట్విలోనే కొనసాగించండి, కాసేపటికి వాళ్లూ దారికి వస్తారు. మాట తట్టనప్పుడు ఇంగ్లీషు మాట దూర్చేయండి, వాళ్లూ అలాగే మాట్లాడుకుంటారు. ఫోను చేస్తాను అనడానికి 'మె కాల్ వొ' అనేవాళ్లే ఎక్కువ. పిల్లలు మిమ్మల్ని చూసి 'ఒబ్రొని' అని కేక వేస్తారు, విదేశీయులందరికీ అదే పేరు. చెయ్యి ఊపి 'ఒబిబిని' అనండి, నల్లజాతి మనిషి అని దాని అర్థం, వాళ్లకు పట్టరాని ఆనందం.

బాబు గురించి దిగులు పెట్టుకోకండి. బడిలో ఇంగ్లీషు, ఆటస్థలంలో ట్వి, కొన్నాళ్లకు మీ ఇద్దరికంటే వాడికే స్వరం బాగా వస్తుంది. వాడిని దుభాషిగా ముందుకు నెట్టి మీరు వెనక నిలబడటం మాత్రం అలవాటు చేసుకోవద్దు. బజారులో అమ్మే ఆమె మీతో మాట్లాడాలనుకుంటుంది. వెళ్లేలోపు వాడికి మూడు పూటల పలకరింపులూ, 'మెపా వొ చెవ్', 'మెదాసె' నేర్పండి. పెద్దవాళ్లను పలకరించే పిల్లలంటే అక్కడ ఎంతో మురిసిపోతారు.

మీ ముగ్గురూ ఏ వారం పుట్టారో కూడా క్యాలెండరులో చూసి రాసి పెట్టుకోండి. అకాన్ ప్రజల్లో పుట్టిన వారాన్ని బట్టి ఒక పేరు ఉంటుంది. మగవాళ్లకు ఆదివారం నుంచి వరుసగా క్వాసి, క్వాజొ, క్వాబెనా, క్వాకు, యా, కోఫీ, క్వామె. ఐదోది చివర పెదవులు చుట్టి 'యావ్'కు దగ్గరగా పలకాలి. ఆడవాళ్లకు అకొసువా, అజువా, అబెనా, అకువా, యా, అఫియా, అమా. ఐక్యరాజ్యసమితికి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫీ అన్నన్ పేరు శుక్రవారం పుట్టినందుకు పెట్టిందే. పరిచయమైన వారంలోపే ఎవరో ఒకరు మిమ్మల్ని పుట్టిన వారం అడుగుతారు, మరునాటి నుంచి ఆ పేరుతోనే పిలుస్తారు.